సరిహద్దు దాటిన మనిషి – పూచీ పడిన చుట్టరికం: హైదరాబాద్ సంస్థాన చివరి దశ నేపథ్య రచనల పరిశీలన

వ్యాస సంగ్రహం:

హైదరాబాద్ సంస్థాన చివరి దశను చిత్రించిన తెలుగు రచనలను విమర్శ ప్రధానంగా పోరాట సాహిత్యంగా చదివింది. ఆ చదువులో తుపాకి పట్టినవాడు, జైలుకు వెళ్లినవాడు, నేలకొరిగినవాడు ప్రముఖులయ్యారు. రాజకీయ కల్లోలంలో సరిహద్దు దాటిన మనిషి, ఆ మనిషిని దాటించిన మనిషి వెనుకబడ్డారు. పి.వి. నరసింహారావు ‘గొల్ల రామవ్వ’ కథ, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవల, కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ ఆత్మకథ ఆధారంగా, సరిహద్దు దాటడానికి కావలసిన ‘పూచీ’ని ఎవరు ఇచ్చారు, దాని మూల్యం ఎవరు చెల్లించారు అనే ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఈ రచనల్లో కాగితం చేయవలసిన పనిని చుట్టరికం చేసిందని, ఆ చుట్టరికపు భారం ఎక్కువగా స్త్రీల మీద పడిందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సరిహద్దు, పూచీ, చుట్టరికం, ముల్కీ, గొల్ల రామవ్వ, చిల్లర దేవుళ్ళు, నిర్జన వారధి, ఆడబాప.

1. ప్రవేశిక:

వీసా గడువు ముగియవచ్చినప్పుడు పొరుగు దేశపు సరిహద్దు దాటి, కొత్త ముద్రతో తిరిగి రావడం నేటి వలస జీవితంలో పరిచితమైన అనుభవం. సందర్శక వీసాపై దుబాయిలో ఉన్నవారు బస్సెక్కి ఒమన్ సరిహద్దు దాటి మళ్లీ ప్రవేశించడం ఇందుకు ఒక ఉదాహరణ. ఆ ప్రయాణంలో మనిషి గమ్యం అవతలి దేశం కాదు. తాను ఉన్నచోటనే ఉండటానికి అనుమతి సంపాదించడమే అతని గమ్యం. ఉండటానికి వెళ్లవలసి రావడం, తిరిగి రావడానికి దాటవలసి రావడం ఈ అనుభవంలోని వైచిత్రి.

వరంగల్ ప్రాంతానికి ఈ వైచిత్రి కొత్తది కాదు. ఖమ్మం, మధిర, ఇల్లెందు తాలూకాలు వరంగల్ జిల్లాలో ఉన్న రోజుల్లో, అంటే 1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పడేవరకు, వరంగల్ సరిహద్దు జిల్లా. దాని ఆగ్నేయాన కృష్ణా జిల్లా, అనగా మద్రాసు రాష్ట్రం. 1947 ఆగస్టు 15 తరువాత అది రెండు ప్రభుత్వాల నడుమ గీత. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు సాగిన పోలీసు చర్యతో ఆ గీత రాజకీయ ప్రాధాన్యం కోల్పోయింది. ఈ పదమూడు నెలల్లో ఎందరో ఆ గీతను దాటారు, తిరిగి వచ్చారు. ఆ రాకపోకలు సాహిత్యంలో ఏ రూపం తీసుకున్నాయన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

2. సరిహద్దు స్వరూపం – ముల్కీ భావన:

నాటి సంస్థాన సరిహద్దు నేటి అంతర్జాతీయ సరిహద్దు వంటిది కాదు. అయినా దాన్ని దాటినట్టు మనిషికి అడుగడుగునా తెలిసేది. కరోడ్‌గిరి నాకా వద్ద సరుకుకు సుంకం కట్టాలి. చేతిలోని హాలీ సిక్కాను ‘కల్దారు’ రూపాయిలోకి మార్చుకోవాలి. ఇవతల కచేరీ భాష ఉర్దూ, అవతల ఇంగ్లీషు. ఇంటి భాష మాత్రం రెండు వైపులా తెలుగే. నిజాం రైలు మార్గం 1889లో బెజవాడను చేరినప్పటి నుండి ఈ రెండు ప్రపంచాల మధ్య దూరం కొన్ని గంటలు మాత్రమే.

ఈ గీత సరళరేఖ కూడా కాదు. కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా చుట్టూ నిజాం భూభాగం ఉండేది. పరిటాల జాగీరు గ్రామాలు కృష్ణా జిల్లా నడుమ నిజాం ఏలుబడిలో ఉండేవి. మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనలో పాల్గొన్నారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. రాజకీయంగా ఎంత గట్టిదైనా ఆ గీత గుండా పుస్తకం, పత్రిక, పాట ప్రవహిస్తూనే వచ్చాయి.

సరిహద్దు కేవలం నేల మీద ఉండదు, మనిషి హోదాలోనూ ఉంటుంది. సంస్థానంలో ఆ హోదా పేరు ‘ముల్కీ’. 1919 నాటి ఫర్మానాతో ముడిపడిన ముల్కీ నిబంధనలు ఈ సందర్భంలో శ్రద్ధగా చదవదగినవి. బయటివాడు ముల్కీ కావాలంటే పదిహేనేళ్ల స్థిరనివాసం ఉండాలి, స్వస్థలానికి తిరిగిపోయే తలంపు విడిచినట్టు ప్రమాణపత్రం సమర్పించాలి. పుట్టుక వల్లనూ ముల్కీ కావచ్చు. ముల్కీ అయిన వ్యక్తికి భార్య కావడం వల్ల స్త్రీ కూడా ముల్కీ అవుతుంది. అనగా, చట్టమే చుట్టరికాన్ని అనుమతిపత్రంగా గుర్తించింది. పురుషుడికి కాలం, కాగితం ఆధారాలైతే, స్త్రీకి భర్త ఆధారం. సాహిత్యం ఈ సూత్రాన్ని తలకిందులు చేసింది. సాహిత్యంలో పురుషుడికి స్త్రీ పూచీ పడింది. తరువాతి భాగాల్లో ఈ విషయాన్ని వివరిస్తాను.

3. ‘గొల్ల రామవ్వ’ – గుడిసె గడపలో సరిహద్దు:

పి.వి. నరసింహారావు సరిహద్దు అనుభవం ఒకసారితో ముగిసినది కాదు. 1938లో వందేమాతరం గీతం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలో బహిష్కృతులైన విద్యార్థులకు సంస్థానం వెలుపల నాగపూర్ విశ్వవిద్యాలయం ప్రవేశం కల్పించింది. నాగపూర్ బాట పట్టిన ఆ విద్యార్థుల్లో పి.వి. ఒకరు. 1947–48లో సంస్థాన విమోచన కోసం స్టేట్ కాంగ్రెస్ సరిహద్దుల వెంబడి శిబిరాలు నడిపినప్పుడు ఆయన చాందా శిబిరంలో పనిచేశారు. తిరిగి వచ్చి పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్ నుండి ‘కాకతీయ పత్రిక’ నడిపారు. ఆ పత్రికలోనే 1949లో ‘విజయ’ అనే కలం పేరుతో ‘గొల్ల రామవ్వ’ కథ ప్రచురించారు.

విమర్శకుడు గమనించవలసిన మొదటి విషయం ఇదే. శిబిర జీవితాన్ని స్వయంగా ఎరిగిన రచయిత, ఆ జీవితం ముగిసిన మరుసటి ఏడాదే కథ రాస్తూ, శిబిరాన్ని కథాస్థలంగా ఎన్నుకోలేదు. ఒక పల్లెలోని ముసలి గొల్ల స్త్రీ గుడిసెను ఎన్నుకున్నారు. సరిహద్దు అవతలి రక్షణను కాక, సరిహద్దు ఇవతలి ఆశ్రయాన్ని కథావస్తువుగా తీసుకున్నారు.

కథ సరళమైనది. పోలీసులు వెంటాడుతున్న ఒక యువకుడు రాత్రివేళ రామవ్వ గుడిసెలోకి చొరబడతాడు. ఆమె మొదట భయపడుతుంది, తరువాత ఆదరిస్తుంది. అతనికి గొల్ల వేషం వేయిస్తుంది. వెతుకుతూ వచ్చిన పోలీసుల ఎదుట అతణ్ణి తన ఇంటి మనిషిగా, మనుమరాలి భర్తగా నిలబెడుతుంది. పోలీసులు మోసపోతారు. యువకుడు బయటపడతాడు.

ఈ కథను సాహస కథగా, పల్లె స్త్రీ దేశభక్తికి నిదర్శనంగా చదవడం సాధారణం. ఆ చదువు తప్పు కాదు గానీ, కథ నడిచే తర్కాన్ని అది పట్టుకోదు. సోదా సాగే ఆ ఘట్టం నిజానికి సరిహద్దు తనిఖీ. ఎవరు నువ్వు, ఎవరి మనిషివి, ఇక్కడెందుకున్నావు అనే ప్రశ్నలే ఏ నాకా వద్దనైనా అధికారి అడిగేవి. యువకుడి వద్ద వాటికి సమాధానం లేదు. నిజం చెబితే మరణం. అతని తరఫున మూడు సాక్ష్యాలు పలుకుతాయి. వేషం కులాన్ని, వృత్తిని చెబుతుంది. పక్కనున్న మనుమరాలు సంబంధాన్ని చెబుతుంది. ముసలి స్త్రీ మాట ఆ రెండింటికీ పూచీ పడుతుంది. చదువుకున్న యువకుడి రాజకీయ జ్ఞానం ఆ క్షణంలో ఎందుకూ కొరగాదు. చదువు లేని స్త్రీ సమయజ్ఞత అతనికి రాకపోకల పత్రమవుతుంది. ‘నాయకుడు – ప్రజలు’ అనే క్రమాన్ని కథ ఇక్కడ తారుమారు చేసింది. రక్షించవలసినవాడు రక్షణ పొందినవాడయ్యాడు. దీన్ని కథకుడి నిజాయితీగా భావించాలి.

అయితే కథ ఒకచోట మౌనం వహిస్తుంది. రామవ్వ పూచీ పడింది, కాని తాకట్టు పెట్టింది తన మానాన్ని, ప్రాణాన్ని మాత్రమే కాదు, మనుమరాలి మానాన్ని కూడా. ముక్కూ మొహం తెలియని పురుషుడి పక్కన భార్యగా కనిపించవలసిన ఆ పిల్ల మనసులో ఏముందో కథ లోతుగా పట్టించుకోదు. నిజం బయటపడి ఉంటే పోలీసుల చేతుల్లో ఆమెకు ఏమి జరిగేదో ఆనాటి పాఠకులకు వివరించనక్కరలేదు. బయటపడకపోయినా, తెల్లవారిన తరువాత ఆ ఊళ్లో, ఆ కులంలో ఆమె బతకాలి. వచ్చినవాడు వెళ్లిపోతాడు, దాటించినవారు అక్కడే ఉంటారు. రామవ్వ పాత్రను ఉదాత్తం చేయడంలో కథ సాధించిన విజయం ఎంత గొప్పదో, మనుమరాలిని సాధనంగా మిగిల్చిన లోపం కూడా అంత గమనించదగినది. ఈ లోపాన్ని ఎత్తిచూపడం కథ విలువను తగ్గించడానికి కాదు. కథ పేరు రామవ్వది కనుక, పూచీ అంటే ఆమె ఒక్కతే అని మనం అనుకుంటున్నాం. ఆ పూచీలో ఇద్దరున్నారు.

4. ‘చిల్లర దేవుళ్ళు’ – లోపలికి వచ్చిన మనిషి:

పి.వి. కథలో మనిషి తప్పించుకుపోయే దిశలో ఉన్నాడు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’లో దిశ ఎదురు. పాణి సంగీతం నేర్చినవాడు. బతుకుతెరువు కోసం బెజవాడ వైపు నుండి సంస్థానంలోని పల్లెకు వస్తాడు. దేశ్‌ముఖ్ గడీలో ఆశ్రయం దొరుకుతుంది. అక్కడి వెట్టి, దౌర్జన్యం, స్త్రీల దుస్థితి అతని కళ్లతోనే పాఠకుడికి తెలుస్తాయి.

బయటివాడి కన్నును నవలాశిల్పంలో ఒక ఉపాయంగా విమర్శకులు గుర్తించవచ్చు. లోపలివారికి అలవాటైన అన్యాయం కొత్తవాడికి వింతగా కనిపిస్తుంది గనుక అది కథనానికి సౌకర్యం. కాని రచనాకాలాన్ని గుర్తుంచుకుంటే ఈ ఉపాయానికి మరో కోణం కనిపిస్తుంది. ఈ నవల 1969 నాటిది. ఆ ఏడాది జనవరి నుండే ముల్కీ రక్షణల అమలు కోసం పాల్వంచ, కొత్తగూడెం ప్రాంతాల్లో మొదలైన ఆందోళన తెలంగాణ అంతటా, వరంగల్ విద్యాసంస్థలతో సహా, వ్యాపించింది. సరిగ్గా ఆ కాలంలో, మానుకోట ప్రాంతపు చినగూడూరులో పుట్టిన రచయిత, కోస్తా నుండి వచ్చినవాణ్ణి తన నవలకు కేంద్రంగా చేసుకున్నారు. దీన్ని ఆనాటి వివాదంపై తీర్పుగా చదవడం తొందరపాటు. నవల ప్రశ్న వేరు: బయటివాడు ఎవరు అన్నది కాక, అతణ్ణి లోపలికి రానిచ్చినది ఎవరు, ఏ షరతు మీద అన్నది.

పాణికి ముల్కీ పత్రం లేదు. గడీ దయే అతని పత్రం. దొర ఆదరించినంత కాలం అతను ఊరివాడు, దొర మొహం చాటేస్తే పరాయివాడు. ఈ స్థితికి నేటి పాఠకుడు వెంటనే గుర్తుపట్టగల పోలిక ఒకటి ఉంది. గల్ఫ్ దేశాల్లో పనిచేసే కార్మికుడికి ‘కఫీల్’ ఉంటాడు. ఆ అరబ్బీ పదానికి పూచీదారు అనే అర్థం. వీసా అతని పేరుతో ముడిపడి ఉంటుంది. పూచీ పడినవాడే యజమాని కావడం వల్ల పూచీ రక్షణగా మొదలై పట్టుగా మారుతుంది. గడీలోని పాణి, క్యాంపులోని కరీంనగర్ కార్మికుడు ఒకే రకమైన మనుషులు కారు. కళాకారుడిగా పాణికి ఉన్న గౌరవం కార్మికుడికి లేదు. కాని ఇద్దరి ఉనికీ ఒక వ్యక్తి ఇష్టానికి లోబడినదే.

నవల అంతకంటే లోతైన వైరుధ్యాన్ని కూడా చూపింది. గీత అవతలి నుండి వచ్చిన పురుషుడికి గడీలో చోటు దొరికింది. అదే గడీలో పుట్టి పెరిగిన ఆడబాపలకు చోటు లేదు. వారు గడీ మనుషులే, కొన్నిసార్లు గడీ రక్తమే. అయినా వారిని పిలవడానికి ఒక వరుస లేదు. రామవ్వ గుడిసెలో పరాయివాడికి ఒక్క రాత్రిలో వరుస కుదిరింది. దొర గడీలో జీవితకాలం గడిపిన స్త్రీకి వరుస కుదరలేదు. చుట్టరికాన్ని అనుమతిగా భావించినప్పుడు, దాన్ని ఇవ్వడం ఎంత రాజకీయమో, నిరాకరించడం కూడా అంతే రాజకీయమని ఈ రెండు రచనలను పక్కపక్కన ఉంచితే స్పష్టమవుతుంది. సరిహద్దును నేల మీద మాత్రమే వెతికే విమర్శకు ఆడబాప చుట్టూ గీసిన గీత కనిపించదు.

5. ‘నిర్జన వారధి’ – అద్దె వరుసల మూల్యం:

1948 తొలి నెలల నుండి మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టులపై నిర్బంధాన్ని తీవ్రం చేసింది. తెలంగాణ పోరాటానికి వెన్నుదన్నుగా నిలిచిన కృష్ణా జిల్లా కార్యకర్తలు తామే రహస్య జీవితంలోకి వెళ్లవలసి వచ్చింది. ఒకే గీత, ఒకే ఏడాదిలో, స్టేట్ కాంగ్రెస్ వారికి తలుపుగా, కమ్యూనిస్టులకు గోడగా మారింది. సరిహద్దు అవతల రక్షణ ఉంటుందన్న నమ్మకం దాటే మనిషి ఎవరన్నదాని మీద ఆధారపడి ఉంటుందనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అరుదు.

2012లో వెలువడిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ ఈ దశను లోపలి నుండి చెప్పింది. అజ్ఞాత జీవితంలో రహస్య స్థావరాలను, నాటి కార్యకర్తల మాటల్లో ‘డెన్’లను, మామూలు కాపురాల్లా కనిపించేలా నడపాలి. ఇరుగుపొరుగుకు అనుమానం రాకుండా ఉండాలంటే ఇంట్లో స్త్రీ ఉండాలి. ఆమె ఒకరికి అక్కగా, ఒకరికి వదినగా, ఒకరికి భార్యగా కనిపించాలి. స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లోని స్త్రీల కథనాలు కూడా ఈ జీవితానికి సాక్ష్యమిస్తాయి. రామవ్వ ఒక్క రాత్రి కల్పించిన వరుసను ఈ స్త్రీలు నెలల తరబడి, ఏళ్ల తరబడి మోశారు.

అద్దె వరుసలు నిజమైన వరుసలను మింగాయి. కోటేశ్వరమ్మ తన పిల్లలను తల్లి వద్ద వదిలి వెళ్లారు. ఎందరికో వదినగా, అక్కగా నిలిచిన స్త్రీ తన పిల్లలకు ఆ కాలంలో తల్లిగా నిలవలేకపోయింది. పూచీకి మూల్యం ఉంటుందని, అది చెల్లించేది ఎవరో ఆత్మకథ తేటతెల్లం చేసింది. 1949లో కథ మౌనంగా వదిలిన మనుమరాలి స్థానం నుండి, 2012లో ఒక వృద్ధ స్త్రీ మాట్లాడినట్టు ఈ పుస్తకాన్ని చదవవచ్చు. రెండింటి నడుమ అరవై మూడేళ్లు గడిచాయి. పుస్తకం పేరులోని ‘వారధి’ ఈ వ్యాసానికి కీలకం. వారధి మీదుగా మనుషులు నడిచిపోతారు. వారధి మాత్రం ఎక్కడికీ వెళ్లదు. దాటినవారిని చరిత్ర లెక్కించింది. దాటించినది నిర్జనంగా మిగిలింది.

6. విమర్శ దృష్టి – ఒక ఆక్షేపణ:

ఈ రచనలను సరిహద్దు దృష్టితో చదివితే భూమి, వెట్టి, వర్గం అనే మూల సమస్యలు పలచబడతాయని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణలో బలం ఉంది. బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకం 1947లోనే వెలువడ్డాయి. గీత అవతలి రచయితలు గీత ఇవతలి రైతు గురించి రాయగలిగారంటే, వారిని కలిపినది వర్గదృష్టే. ఆ దృష్టి లేకుంటే ఆ సాహిత్యమే లేదు.

అయినా ఆ దృష్టి ఒక విలువల వరుసను కూడా స్థిరపరచింది. నిలిచి పోరాడినవాడు వీరుడు, నేలకొరిగినవాడు అమరుడు. దాటినవాడికి ఆ వరుసలో స్థానం అస్పష్టం. పారిపోయినవాడా, వ్యూహాత్మకంగా వెళ్లినవాడా అనే సందేహం అతని వెంటే ఉంటుంది. ఇంటిని మూసి పిల్లలతో బెజవాడ రైలెక్కిన సాధారణ కుటుంబానికైతే స్థానమే లేదు. వరంగల్ నగర బహిష్కరణకు గురైన కాళోజీ వంటివారి విషయంలో దాటడం శిక్ష గనుక, దానికి గౌరవం దక్కింది. భయంతో దాటడానికి గౌరవం దక్కలేదు. భయం కూడా ఆనాటి చరిత్రలో భాగమే. దాన్ని పట్టించుకోని విమర్శ పోరాటపు పూర్తి మూల్యాన్ని లెక్కించలేదు. వెట్టి ఎందుకు భరించారు, ఎప్పుడు తిరగబడ్డారు అనే ప్రశ్నల పక్కన, ఎవరి పూచీ మీద బతికి బయటపడ్డారు అనే ప్రశ్నను చేర్చితే వర్గదృష్టి బలహీనపడదు. శ్రమను లెక్కించే దృష్టి స్త్రీ పూచీని కూడా శ్రమగా లెక్కించవలసి వస్తుంది.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ‘గొల్ల రామవ్వ’లో గుడిసె గడపే సరిహద్దు నాకా. చుట్టరికమే అనుమతిపత్రం. కథ పూచీదారును గౌరవించింది, పూచీలో భాగమైన మనుమరాలిని మాత్రం మౌనంలో ఉంచింది.

• ‘చిల్లర దేవుళ్ళు’ బయటివాడి ప్రవేశాన్ని గడీ దయకు ముడిపెట్టి, అదే గడీలో ఆడబాపకు వరుస నిరాకరించడాన్ని చూపింది. అనుమతి ఇచ్చే అధికారం ఎవరిదన్నదే నవల వేసిన ప్రశ్న.

• ‘నిర్జన వారధి’ కల్పిత చుట్టరికాల దీర్ఘకాలిక భారాన్ని స్త్రీ గొంతుతో నమోదు చేసింది.

2014 జూన్ 2 తరువాత పాత గీతకు దగ్గరగా మళ్లీ రాష్ట్ర సరిహద్దు ఏర్పడింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో హైదరాబాద్ వసతి గృహాల నుండి పోలీసుల అనుమతి కాగితాలతో బయలుదేరినవారిని జగ్గయ్యపేట సమీపంలోని గరికపాడు వద్ద ఆపివేశారు. ఒకవైపు ఇచ్చిన కాగితం మరోవైపు చెల్లలేదు. కాగితం విఫలమైన చోట మనిషికి మనిషే పూచీ పడవలసి వస్తుందన్నది 1948కి మాత్రమే పరిమితమైన సత్యం కాదు.

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల గల్ఫ్ వలస పాటలను, కథలను ఇదే ప్రశ్నతో పరిశీలించే అవకాశం పరిశోధకులకు ఉంది. వీసా తెచ్చిన బావ, అప్పుకు జామీను నిలిచిన తమ్ముడు, పుస్తెలు కుదువపెట్టిన భార్య ఆ రచనల్లో ఎక్కడ నిలబడ్డారో చూడాలి. వెళ్లినవాడి కథ ఇప్పటికే చాలావరకు చెప్పబడింది. అతణ్ణి పంపి, గడప దగ్గర నిలిచిపోయిన మనుమరాలి కథ ఇంకా రాయవలసే ఉంది.